రేటు తెలుసు, బేరమే లేదు

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా డిగ్రీ, పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం ఇది. అక్కడక్కడా సరిచేసిన మాటలు తప్ప మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కీచుమంటోంది. వెనక కూర్చున్నవాళ్లకి వినపడకపోతే చెయ్యి ఎత్తండి.

లైబ్రేరియన్ గారు నాకు ఫోన్ చేసి, "పీహెచ్‌డీ గురించి చెప్పమ్మా, పిల్లలకి కాస్త ఉత్సాహం వస్తుంది" అన్నారు. ఉత్సాహం వస్తుందో, ఉన్నది కాస్తా పోతుందో నాకు తెలీదు. నాకిది అయిదో ఏడు, ఇంకా థీసిస్ ఇవ్వలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా "అమ్మాయి చదువు ఎంతవరకు వచ్చిందండీ" అని అడిగితే, మా అమ్మ "అయిపోవచ్చిందండి" అనేసి వెంటనే వంటల సంగతి ఎత్తుతుంది. అందుకని ఈ అయిదేళ్లలో నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో చెబుతాను. దాని మీద మాత్రం నాకు మంచి పట్టుంది.

నేను చదివేది సమాచార శాస్త్రం. మా ఊళ్లో దీన్ని కంప్యూటర్ చదువు అనుకుంటారు. సెలవులకి ఇంటికొస్తే చాలు, "అమ్మా, వాట్సాప్‌లో ఫొటోలు రావట్లేదు, కాస్త చూడు" అని నాలుగు ఫోన్లు నా ఒళ్లో పడతాయి. బాగుచేసి ఇస్తాను, అది వేరే సంగతి. మా క్లాసులో చేరినవాళ్లలో సగం మంది లైబ్రరీ సైన్స్ చదివి వచ్చినవాళ్లు, మిగతా సగం ఇంజనీరింగ్, సోషియాలజీ, జర్నలిజం నుంచి వచ్చినవాళ్లు. మొదటి సెమిస్టరంతా మేము ఒకళ్లని ఒకళ్లం "ఇంతకీ మన సబ్జెక్టు ఏమిటి?" అని అడుగుతూనే గడిపాం.

ఈ చదువు పుట్టింది గ్రంథాలయాల నుంచే. చికాగో యూనివర్సిటీలో 1926లో గ్రంథాలయ శాస్త్రానికి ఒక పరిశోధన స్కూలు పెట్టారు. ఈ సబ్జెక్టులో డాక్టరేట్ ఇవ్వడం అక్కడే మొదలైంది. ఆ స్కూలు 1989లో మూతపడింది కూడా. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ గారు ఢిల్లీ యూనివర్సిటీలో ఉండగా ఆయన దగ్గర డి.బి. కృష్ణారావు గారు పరిశోధన చేసి, 1950ల చివర్లో దేశంలోనే ఈ శాస్త్రంలో మొదటి పీహెచ్‌డీ అందుకున్నారు. ఆయన విషయం ఏమిటో తెలుసా? వ్యవసాయం. వ్యవసాయానికి సంబంధించిన విషయాలను ఎలా విడగొట్టాలి, ఏ పేరు కింద ఏది పెట్టాలి అన్నది. మొదట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. వరికి నంబరు వేయడానికి డాక్టరేటా అనుకున్నాను. ఆ నవ్వు తర్వాత నాకే తిరిగి తగిలింది. అది చెప్తాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అయ్యంకి వెంకటరమణయ్య గారు మన పాత ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లావారే, కొంకుదురులో పుట్టారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపించింది ఆయనే. పుస్తకం ఊరి నడుమ, రచ్చబండంత దగ్గరగా ఉండాలన్నది ఆ తరం పట్టుదల. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరా తిప్పారు. అది కృష్ణా కాలువ మీద జరిగింది. అన్ని కాలువలున్న మన గోదావరి వాళ్లకి ఆ ఆలోచన ముందు రాలేదంటే నాకు ఇప్పటికీ కొంచెం కుళ్లే. సరే, వాళ్లు అడిగిన ప్రశ్న గుర్తుపెట్టుకోండి. సమాచారం మనిషి దగ్గరికి ఎలా చేరుతుంది? నూరేళ్ల తర్వాత మేము అడిగే ప్రశ్న దానికి కొనసాగింపే. చేరింది సరే, చేరాక ఏమవుతుంది?

రాబ్ క్లింగ్ అని అమెరికాలో ఒక ప్రొఫెసర్ ఉండేవారు, 2003లో పోయారు. ఒక ఆఫీసులో కంప్యూటర్ పెడితే పని దానంతటదే మారిపోదని, అక్కడి అధికారాలు, అలవాట్లు, భయాలు అన్నీ ఆ కంప్యూటర్‌ని తమ దారికి తిప్పుకుంటాయని జీవితమంతా చూపిస్తూ వచ్చారు. ఆయన పెంచిన శాఖని సోషల్ ఇన్ఫర్మాటిక్స్ అంటారు. నేను చేరింది ఆ వైపే.

ఇప్పుడు నా బోల్తా కథ. మీకు కేరళ సార్డీన్ చేపల కథ తెలుసా? తెలిసినవాళ్లు చెయ్యి ఎత్తండి. ఎవరూ లేరు, మంచిది. 1997 నుంచి కేరళ ఉత్తర తీరంలో ఒక్కో జిల్లాకి సెల్‌ఫోన్ సిగ్నల్ వచ్చింది. అంతకు ముందు పడవవాడు తన ఊరి రేవుకే వచ్చేవాడు. ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపల్ని సముద్రంలో పారబోస్తుంటే, పదిహేను కిలోమీటర్ల లోపే ఇంకో రేవులో కొనేవాళ్లు చేప దొరక్క ఖాళీగా వెనక్కి వెళ్లేవాళ్లు. ఫోన్ వచ్చాక నడిసముద్రం నుంచే రేట్లు కనుక్కుని పడవ తిప్పడం మొదలైంది. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త దాన్ని లెక్కకట్టి 2007లో ప్రచురించారు. మత్స్యకారుల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర సుమారు 4 శాతం తగ్గింది, చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది. అమ్మేవాడికీ కొనేవాడికీ ఒకేసారి మేలు. ఎంత అందంగా ఉంది చూడండి! ప్రపంచమంతా ఈ పేపర్ చెప్పుకుంది.

నేనూ చదివి పొంగిపోయాను. మాది రొయ్యల చెరువుల ఊరు. 2009లో వన్నామి రొయ్యకి దేశంలో అనుమతి వచ్చాక మా చుట్టూ ఉన్న వరిచేలు ఎలా చెరువులయ్యాయో మీకు నేను చెప్పాలా? మా నాన్న కూడా వరి మానేసి లీజు చెరువులోకి దిగాడు. ఇప్పుడు ప్రతి రైతు ఫోన్లోనూ తెల్లారేసరికి రేట్లు వచ్చేస్తాయి. ముప్పై కౌంట్ ఇంత, యాభై కౌంట్ ఇంత, వంద కౌంట్ ఇంత అని. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను, కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ.

అందుకని నా ప్రతిపాదన ఇట్టే రాసేశాను. వాట్సాప్ రేట్ల వల్ల రొయ్య రైతు బేరం ఎంత బలపడింది? కేరళలో సార్డీన్, మా ఊళ్లో వన్నామి. గైడ్ గారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "జవాబు ముందే రాసుకుని ప్రశ్న అడుగుతున్నావేమో చూసుకో" అన్నారు. నేను చూసుకోలేదు.

నలభై ప్రశ్నలతో ఒక ఫారం తయారుచేసి ఊరికొచ్చాను. మొదట మా నాన్న స్నేహితుడు, వరసకి బాబాయ్ అవుతాడు, ఆయన చెరువు గట్టు మీద కూర్చున్నాను. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు హోరుమని తిరుగుతున్నాయి. అరిచి మాట్లాడాలి.

"బాబాయ్, పొద్దున్నే రేటు చూస్తావా?"

"చూడకేం, పళ్లు తోముకోకుండా చూస్తాను."

"రేటు ఎక్కువిచ్చేవాడికే అమ్ముతావా?"

ఆయన నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. "రేటు తెలుస్తుందమ్మా. బేరమేది?"

అక్కడితో ఆగి అడగాల్సింది. నేను ఫారంలో ఉన్న తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను. ఇరవై మూడో ప్రశ్న "మీకు ప్రస్తుతం అప్పు ఉందా?" అని. "లేదమ్మా, దేవుడి దయవల్ల" అన్నాడు. లేదు అన్న గడిలో టిక్కు పెట్టాను. వారం రోజుల్లో ఊళ్లో చాలామంది అదే మాట చెప్పారు. అప్పు లేదు. నేను యూనివర్సిటీకి తిరిగెళ్లి, మా ఊరి రొయ్య రైతులకి అప్పులు లేవని రాయబోయాను. మా నాన్నకి ఫోన్లో చెబితే నవ్వి, "నువ్వు అప్పు అని అడిగావు. ఖాతా ఉందా అని అడగాల్సింది" అన్నాడు.

అప్పు అంటే మా ఊళ్లో బ్యాంకులోనో వడ్డీ వ్యాపారి దగ్గరో నోటు రాసి తెచ్చుకునేది. మేత డీలరు దగ్గర పంటకాలమంతా మేత తెచ్చుకుని, పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టడం, అయ్యాక లెక్క చూసుకునేది ఖాతా. ఖాతాని ఎవరూ అప్పు అనరు, అనడం చిన్నతనం. నా ఫారంలో ఖాతా అనే గడి లేదు. గడి లేనిది ఎంత పెద్దదైనా లెక్కలోకి రాదు. వ్యవసాయంలో ఏ పేరు కింద ఏది పెట్టాలి అని తల బద్దలుకొట్టుకున్న ఆ కృష్ణారావు గారి థీసిస్ అప్పుడు గుర్తొచ్చింది. నా నవ్వు నాకే తిరిగి తగిలిందన్నది అందుకే.

మళ్లీ వచ్చాను. ఈసారి ఫారం తేలేదు. బాబాయ్ ఖాతా పుస్తకం తీసి చూపించాడు. మేత, మందులు, సున్నం, మధ్యలో కూతురి కాలేజీ ఫీజుకి తీసుకున్న నగదు కూడా అందులోనే. పట్టుబడి రోజున రొయ్యలు కొనడానికి డీలరు చెప్పిన ఏజెంటే చెరువు దగ్గరికి వస్తాడు. డబ్బు డీలరు చేతికి వెళ్లి, ఖాతా కోసుకుని మిగిలింది బాబాయ్‌కి వస్తుంది. పక్క ఊళ్లో కిలోకి పది రూపాయలు ఎక్కువిచ్చేవాడు ఉన్నాడని ఫోన్ చెబుతూనే ఉంటుంది. అటు అమ్మితే ఈ డీలరు వచ్చే పంటకి మేత ఇవ్వడు. పైగా రొయ్య ధాన్యం కాదు, గాదెలో పోసి ఆగడానికి. తెల్లమచ్చ రోగం కనపడిందంటే ఆ రాత్రికే వల వేయాలి. రేటు బాగాలేదని రెండు రోజులు ఆగితే అమ్మడానికి రొయ్యే మిగలదు.

మరి డీలరు దుర్మార్గుడా? నేనూ అలాగే రాయబోయాను. ఆయన దగ్గర కూర్చుంటే ఇంకో పుస్తకం బయటికొచ్చింది. ఆయనకి మేత కంపెనీతో ఖాతా ఉంది. రైతు దగ్గర పంట పోతే ఈయన మునుగుతాడు. అసలు రైతు ఈయన దగ్గరికి ఎందుకు వస్తున్నాడు? చెరువు లీజుది, కాగితం ఉండదు. కాగితం లేకపోతే బ్యాంకు గడప ఎక్కనివ్వదు. వరి కౌలు రైతు బాధే రొయ్య లీజు రైతుది కూడా. ఫోన్ దగ్గర మొదలైన నా ప్రశ్న ఇలా నడిచి నడిచి భూమి కాగితం దగ్గర ఆగింది. ఇది సమాచార శాస్త్రమేనా అని నాకే అనుమానం వచ్చి, రెండు నెలలు నిద్ర సరిగా పట్టలేదు. బాగా టెన్షన్ పడ్డాను.

అప్పుడు దొరికిందో పేపర్. జెన్నా బరెల్, జానకి శ్రీనివాసన్ అనే ఇద్దరు పరిశోధకులు కేరళ మత్స్యకారుల దగ్గరికి మళ్లీ వెళ్లి చూసి 2013లో రాశారు. జెన్సన్ లెక్క తప్పని వాళ్లు అనలేదు. అది ఒక రకం పడవలకి, ఒక రకం తీరానికి సరిపోయిన కథ అన్నారు. చేప ఎక్కడ అమ్మాలన్నది ఫోన్లో రేటు చూసి మాత్రమే తేలదని, పెట్టుబడి ఇచ్చిన ఏజెంటు, వేలంపాట కట్టుబాట్లు, రేవులో మనుషుల మధ్య ఉన్న సంబంధాలు కూడా తేలుస్తాయని చూపించారు. అది చదివిన రాత్రి హాస్టల్ మేడ మీద నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను. బాబాయ్ నాలుగు మాటల్లో చెప్పిందాన్ని వినడానికి నాకు ఇంత దూరం పట్టింది.

మిషిగన్ యూనివర్సిటీలో కెంటారో టొయామా అని ఒక ఆచార్యుడు ఉన్నారు. కొన్నేళ్లు బెంగళూరులో కూడా పనిచేశారు. టెక్నాలజీ ఉన్నదాన్ని పెద్దది చేస్తుంది అంటారాయన. బలం ఉన్నచోట బలాన్ని, లేనిచోట లేమిని. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. సొంత చెరువు, సొంత పెట్టుబడి ఉన్న రైతులు మా ఊళ్లో నలుగురైదుగురు ఉన్నారు, వాళ్లకి రేటు మెసేజ్ నిజంగానే నాలుగు డబ్బులు తెచ్చింది. అంతవరకు ఆయన మాట నిజం. కానీ బాబాయ్‌కి కూడా ఆ మెసేజ్ ఒక పని చేసింది. మునుపు ఏజెంటు ఎంతంటే అంతే. ఇప్పుడు "నువ్వు పన్నెండు రూపాయలు తగ్గించి కొంటున్నావు" అని మొహం మీద అనగలడు. మొత్తం రాకపోయినా మూడో నాలుగో రూపాయలు పెంచుతాడు. ఆ మూడు రూపాయలు ఏ సిద్ధాంతం కింద పెట్టాలా అన్నదే నా నాలుగో అధ్యాయం. అది ఎంతకీ తెమలడం లేదు.

2025 ఏప్రిల్ మొదట్లో అమెరికా సుంకాలు ప్రకటించినప్పుడు చూశారు కదా, ఆ వార్త వచ్చీ రాగానే ఇక్కడ రొయ్య రేటు పడింది. సరుకు ఓడ ఎక్కకముందే, సుంకం అమల్లోకి రాకముందే. రేటు పెరిగినప్పుడు చెరువు గట్టుకి రావడానికి రోజులు పట్టే కబురు, తగ్గినప్పుడు నిమిషాల్లో ఎలా వస్తుంది? దీని మీద ఎవరైనా పరిశోధన చేస్తానంటే నా నోట్సు ఇస్తాను. నాకింక ఓపిక లేదు.

ఇంకో విషయం త్వరగా చెప్తాను, ఇది మా అమ్మమ్మది. రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవడం రాష్ట్రంలో ముందుగా ప్రయోగించి చూసింది మన తూర్పు గోదావరి జిల్లాలోనే, 2012లో. దొంగ కార్డుల పని పట్టడానికి అది చాలాచోట్ల పనికొచ్చింది, కాదనను. మా అమ్మమ్మ వయసులో ఉండగా కొబ్బరి డొక్కలు వలిచి, పీచు తీసిన మనిషి. ఆవిడ వేళ్లకి గీతలు లేవు. మిషన్ మూడుసార్లు కాదంది. నాలుగోసారి ఆవిడ వెళ్లలేదు. ఇక్కడ మా శాస్త్రానికి పనికొచ్చే ప్రశ్న ఉంది. మూడుసార్లు విఫలం అయినట్టు ఆ మిషన్‌లో రికార్డు ఉంటుంది. నాలుగోసారి రాకపోవడం ఏ రికార్డులో ఉంటుంది? కంప్యూటర్ ముందు కూర్చుని చూసేవాడికి, ఆ నెల ఆవిడకి బియ్యం అక్కర్లేదేమో అనిపిస్తుంది. డేటాలో లేని మనిషిని వెతకడం ఈ చదువులో అన్నిటికన్నా కష్టమైన పని. దానికి ఇంటికి వెళ్లడం తప్ప వేరే పద్ధతి నేను ఇంతవరకు చూడలేదు.

2022 మే నెల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, ఇక్కడున్న సగం మంది ఆ రోజులు చూసినవాళ్లే. జిల్లా పేరు గొడవలో 24వ తేదీన అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి, ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి అవతలికి వెళ్లారని పేపర్లన్నీ రాశాయి. అది నిజమే, వాళ్లకి ఇబ్బందే. ఫోన్లో డబ్బులు తీసుకునే కూరగాయల ఆవిడ ఆ రోజుల్లో ఏం చేసింది? చిల్లర లేక అరువిచ్చిందా? ఆ అరువు వసూలైందా? రెచ్చగొట్టే మెసేజ్‌లు నెట్ ఆపాక నిజంగా ఆగాయా, లేక నోటిమాటగా ఇంకా పెరిగాయా? ఇవన్నీ మన వీధిలోనే జరిగాయి. వీటి గురించి మనమే రాయకపోతే ఎవరో ఢిల్లీలో కూర్చుని రెండు పేరాల్లో రాస్తారు.

సరే, మీలో కొందరికి ఇవన్నీ కాదు, సీటెలా వస్తుంది, డబ్బెంత వస్తుంది అన్నది కావాలి. తప్పేం లేదు, నాకూ అదే కావాల్సొచ్చింది. యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, వాళ్ల నెట్ అర్హత పరీక్ష రాయండి. గ్రంథాలయ సమాచార శాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉంది. ఇప్పుడు ఆ స్కోరుతోనే చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీలోకి తీసుకుంటున్నాయి. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇది 2023 జనవరి నుంచి ఉన్న లెక్క. రాకపోతే చాలా కష్టం, అబద్ధం చెప్పను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల లోపు పూర్తిచేయాలి. ఆడవాళ్లకి ఇంకో రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. ఇవి ఉన్నాయని చాలామంది అమ్మాయిలకి తెలీదు. నా స్నేహితురాలు తెలీక మానేసింది, ఆవిడ చదివిన చోట చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. విషయం ఎంచుకునే ముందు శోధ్‌గంగలో వెతకండి. దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు అక్కడ ఉచితంగా చదవొచ్చు. కొన్ని చదివితే ఎలా రాయాలో తెలుస్తుంది, కొన్ని చదివితే ఎలా రాయకూడదో ఇంకా బాగా తెలుస్తుంది. ఇక గైడ్ విషయం, ఆయన పేరు ఎంత గొప్పదని కాదు, ఆయన దగ్గర ఇప్పుడు చదువుతున్న పిల్లల్ని క్యాంటీన్‌లో పట్టుకుని అడగండి.

థీసిస్ ఇంగ్లీషులోనే రాస్తున్నాను. అందుకని కిందటి నెల మూడో అధ్యాయాన్ని తెలుగులో చెప్పుకుంటూ బాబాయ్‌కి వినిపించాను. చెరువు పట్టేసి ఎండగట్టారు, ఏరియేటర్ల హోరు లేదు, హాయిగా వినపడుతోంది. ఆయన మధ్యలో రెండు తప్పులు పట్టుకున్నాడు. ఒకటి సున్నం లెక్క. రెండోది, ఏజెంటుకీ డీలరుకీ మధ్య కమీషన్ ఎవరు ఎవరికి ఇస్తారో నేను తిరగేసి రాశాను. రెండూ దిద్దుకున్నాను. చివర్లో అడిగాడు, "ఇందులో నా పేరు ఉంటుందామ్మా?"

"ఉండదు బాబాయ్. నువ్వు చెప్పినవి చదివి డీలరు నీ మీద కోపం పెట్టుకోకూడదు కదా. అందుకని పేర్లు తీసేసి నంబర్లు వేశాం. నువ్వు ఏడో రైతువి."

కాసేపు చెరువు వైపు చూసి, "ఏడా? ఈ ఊళ్లో అందరికన్నా ముందు చెరువు తవ్వింది నేను. మరి ఒకటో రైతు ఎవరు?" అన్నాడు.

చెప్పకూడదన్నాను. అప్పటి నుంచి కనపడినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాడు. పొద్దున్న ఇక్కడికి వస్తుంటే బస్టాండ్ దగ్గర కూడా అడిగాడు.